టైమ్‌వెయిట్ మీద పడిన నింద

వెబ్ సర్వరు నత్తనడక నడుస్తోందంటే మనవాళ్ళు ముందు నెట్‌స్టాట్ కొడతారు. వేలకొద్దీ టైమ్‌వెయిట్‌లు కనబడగానే దొంగ దొరికాడనుకుంటారు. నా లెక్కలో ఆ నింద చాలావరకు అన్యాయం.

1981 సెప్టెంబర్లో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన టీసీపీ ప్రమాణంలోనే ఈ నిరీక్షణ ఉంది. కనెక్షన్ని ముందుగా ముగించినవాడు కాసేపు ఆగాలి. దారిలో చిక్కుకున్న పాత ప్యాకెట్టు ఆలస్యంగా వచ్చి కొత్త కనెక్షన్లో దూరకూడదు కదా, అందుకు. ప్రమాణం ప్రకారం 4 నిమిషాలు, లినక్సులో 60 సెకన్లు. ఆ కాసేపూ కెర్నెల్లో కొంచెం మెమరీ ఖర్చు, అంతే. అపాచీ ప్రాసెస్ ఎప్పుడో వేరే పనికి వెళ్ళిపోయి ఉంటుంది.

అసలు చోటు ఆక్రమించేది కీప్‌ఎలైవ్. హెచ్‌టీటీపీ 1.0లో మామూలుగా ఒక్కో బొమ్మకి ఒక్కో కనెక్షన్. అది దండగని 1997 జనవరిలో వచ్చిన 1.1లో కనెక్షన్ని తెరిచే ఉంచటం మామూలు పద్ధతి చేశారు. మంచి ఆలోచనే. కానీ అపాచీ ప్రీఫోర్క్‌లో కనెక్షనుకో ప్రాసెస్, పేజీ ఇచ్చేశాక కూడా 15 సెకన్లు ఎదురుచూపు. తాటిపాక సెంటర్లో టీ తాగేసి, పేపరు పట్టుకుని బెంచీ వదలని పెద్దమనిషి లాగన్నమాట. కొట్టువాడికి పనేం లేదు, కొత్తవాళ్ళకి మాత్రం చోటు లేదు! 2005 డిసెంబర్లో అపాచీ 2.2 ఈ గడువుని 5 సెకన్లకి దించింది. 2012లో 2.4తో ఈవెంట్ పద్ధతి స్థిరపడి, ఖాళీ కనెక్షన్ల కాపలా వేరే దారానికి అప్పజెప్పింది.

ఈ తేడా తెలియనివాళ్ళు టైమ్‌వెయిట్‌ని వదిలించుకోవటానికి లినక్సులో టీసీపీ_టీడబ్ల్యూ_రీసైకిల్ ఆన్ చేసేవాళ్ళు. 2015లో నేను చూడాల్సొచ్చిన ఒక ఫీజుల సైట్లో, నేను వెళ్ళేటప్పటికే ఎవరో ఆన్ చేసి ఉంచారు. ఆఫీసులో అందరికీ బాగానే వస్తోంది. తాటిపాక నుంచి మా బాబాయి ఫోను: "ఒరేయ్, ఇవాళే ఆఖరి తేదీ. కంప్యూటర్లో వస్తంది, చెల్లి ఫోన్లో రాట్లేదేంట్రా? ఆపి ఆన్ చేస్తే అసలుకే మోసం!"

ఆయన చెప్పినవన్నీ ఆనవాళ్ళే. ఆ సెట్టింగు ఉంటే సర్వరు ఒక్కో ఐపీ నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంపుని గుర్తుపెట్టుకుంటుంది. నిమిషంలోపు అదే ఐపీ నుంచి అంతకంటే పాతది వస్తే, చెప్పాపెట్టకుండా పారేస్తుంది. ఇంట్లో ఫోన్లన్నిటికీ రౌటర్ వెనక ఒకటే ఐపీ. అప్పటి ఆండ్రాయిడ్లో టైమ్‌స్టాంపు ఫోన్ ఆన్ చేసిన దగ్గర్నుంచి లెక్క, అంటే రీస్టార్ట్ చేసిన ఫోను ఇంకా వెనకబడుతుంది. విండోస్ మామూలుగా టైమ్‌స్టాంపే పంపదు కాబట్టి బతికిపోయింది. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్ళ సంగతీ ఇంతే, ఒక ఐపీ వెనక ఎంతమందో!

ఆ సెట్టింగు తీసేసి కీప్‌ఎలైవ్ గడువు 2 సెకన్లు చేశాం. సైటు తేరుకుంది, చెల్లి ఫీజు కట్టేసింది. 2017లో లినక్సు 4.12 నుంచి ఆ సెట్టింగునే పీకేశారు. పాత చిట్కాల్లోంచి ఆ వరుస కాపీ కొట్టి చూడండి, అలాంటి ఫైలే లేదంటుంది.