బస్తీ దవాఖానాలో ఒక్కరే డాక్టర్.. ఆయన వెనక ఎవరెవరు ఉంటారో తెలుసా?

నాన్నగారికి బీపీ. రెండు వీధుల అవతలే బస్తీ దవాఖానా ఉంది. అయినా ఆయన్ను వెంటబెట్టుకుని మీరు కార్పొరేట్ ఆసుపత్రికో, పెద్దాసుపత్రికో బయల్దేరతారు. 'అక్కడ ఉండేది ఒక్క ఎంబీబీఎస్ డాక్టరే కదా' అన్నది చాలామంది అనుమానం.

అనుమానం సహజమే. అయితే చూడాల్సింది డాక్టర్ డిగ్రీని మాత్రమే కాదు. ఆయన ఒంటరిగా పనిచేస్తున్నారా, లేక వెనక ల్యాబ్, స్పెషలిస్టులు, మందులు, ఇంటికొచ్చి కనుక్కునే సిబ్బంది ఉన్నారా అన్నదే అసలు విషయం. వీటన్నింటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టడాన్నే 'సమీకృత వైద్య సేవలు' అంటున్నారు. ఇవి ఎలా పనిచేస్తాయి? ఎక్కడ తెగిపోతున్నాయి?

ల్యాబ్ ఎక్కడుంది?

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకుడు.. ఇంతే సిబ్బంది. అంత చిన్న చోట పెద్ద ల్యాబ్ పెట్టలేరు. అందుకే రక్త నమూనా మాత్రమే అక్కడ తీస్తారు. దాన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపి, ఉచితంగా పరీక్షిస్తారు. రిపోర్ట్ వచ్చాక అదే డాక్టర్ చూసి మందులు రాస్తారు. షుగర్, కిడ్నీ, థైరాయిడ్ వంటి పరీక్షల కోసం మీరు ఇంకోచోటికి తిరగాల్సిన పని లేదు.

స్పెషలిస్ట్ కావాలంటే?

దీనికి ఉన్నది ఈ-సంజీవని. మొహాలీలోని సీ-డాక్ సంస్థ దీన్ని తయారుచేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ విధానాన్ని దేశంలో మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 2019 నవంబర్‌లో. మీరు మీ దగ్గరి కేంద్రంలోనే కూర్చుంటారు. అక్కడి సిబ్బంది మీ వివరాలు చెబుతారు. అవతల మెడికల్ కాలేజీలోనో, జిల్లా ఆసుపత్రిలోనో ఉన్న డాక్టర్ వీడియోలో మిమ్మల్ని చూసి సలహా ఇస్తారు.

ఇక్కడో చిన్న లాభం కనబడకుండా ఉంటుంది. ఇలాంటి కేసులు పది చూసిన స్థానిక డాక్టర్, పదకొండో కేసును తానే ధైర్యంగా చూడగలుగుతారు.

ఊళ్లలో సంగతి వేరు. అక్కడ డాక్టరే రోగుల దగ్గరకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ఉద్దేశం అదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ 104 వాహనంలో గ్రామాలకు వెళ్తే, విలేజ్ క్లినిక్‌లోని సిబ్బంది, ఆశా కార్యకర్తలు ఆయనకు తోడుంటారు.

మనసు బాగోలేకపోతే?

నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో వచ్చేవారిలో కొందరి అసలు సమస్య కుంగుబాటు. అన్నిచోట్లా సైకియాట్రిస్ట్ దొరకరు. ఇలాంటివారి కోసం 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

అసలు ఈ పద్ధతి ఫలితమిస్తుందా?

కుంగుబాటు విషయంలో దీనికి గట్టి ఆధారం అమెరికాలో ఉంది. అక్కడ 18 ప్రాథమిక క్లినిక్‌లలో 1,801 మంది వృద్ధులపై జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. కొందరికి మామూలు వైద్యమే అందింది. మిగతావారికి మాత్రం క్లినిక్ డాక్టర్‌తో పాటు, క్రమం తప్పకుండా కనుక్కునే ఒక కేర్ మేనేజర్‌ను, వెనక నుంచి సలహా ఇచ్చే సైకియాట్రిస్ట్‌ను పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే, ఈ రెండో వర్గంలో 45 శాతం మందికి లక్షణాలు సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గాయి. మామూలు వైద్యం పొందినవారిలో అది 19 శాతమే. అంటే 'మందులు వేసుకుంటున్నారా, ఎలా ఉంది' అని మళ్లీ మళ్లీ అడిగే మనిషి కూడా వైద్యంలో భాగమే.

మరి ఎక్కడ తెగిపోతోంది?

పెద్దాసుపత్రికి పంపే దారి ఉంది. తిరిగొచ్చే దారే సరిగా లేదు. నాన్నగారిని గుండె పరీక్షకు పంపారనుకోండి. అక్కడ మందు మార్చారు. ఆ సంగతి మీరు చీటీ చూపిస్తే తప్ప బస్తీ డాక్టర్‌కు తెలియకపోవచ్చు. పాత మందు, కొత్త మందు రెండూ వేసుకునే ప్రమాదం ఇక్కడే. నెల మందులు అయిపోయాక ఎవరూ అడగకపోతే బీపీ మళ్లీ పెరుగుతుంది. అది పక్షవాతంగానో, కిడ్నీ దెబ్బతినడంగానో బయటపడేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు.

కాబట్టి విస్తరణ అంటే కొత్త బోర్డులు కట్టడం ఒక్కటే కాదు. స్పెషలిస్ట్‌కు వీడియో సంప్రదింపుల కోసం ప్రత్యేక సమయం కేటాయించాలి. డిశ్చార్జ్ వివరాలు స్థానిక డాక్టర్‌కు చేరాలి. మందులకు రానివారి జాబితా పట్టుకుని ఇంటికెళ్లే మనిషి ఉండాలి.

మీరేం చేయొచ్చు?

• 30 ఏళ్లు దాటితే దగ్గరి కేంద్రంలో బీపీ, షుగర్ చూపించుకోండి. ఈ పరీక్షలు ఉచితం.
• 'ఈ-సంజీవనిలో స్పెషలిస్ట్‌తో మాట్లాడించగలరా' అని అడగండి. చాలామంది అడగరు.
• పెద్దాసుపత్రి నుంచి వచ్చిన వారంలోపే చీటీలన్నీ తీసుకుని స్థానిక డాక్టర్‌ను కలవండి. ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో రాయించుకోండి.
• 14 అంకెల ఆభా నంబర్ తీసుకుంటే, మీ అనుమతితో రికార్డులు డాక్టర్లు చూడగలుగుతారు. అయినా కాగితాలు పారేయొద్దు.
• మందులు అయిపోవడానికి ఐదు రోజుల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఒక్కటి మర్చిపోవద్దు. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే దవాఖానాకు కాదు, వెంటనే 108కు ఫోన్ చేయండి.