షెర్లాక్ హోమ్స్: కల్పన నుండి న్యాయస్థానము వరకు

పుట్టని మనుష్యునకు ఉత్తరములు వచ్చుట లోకమున అరుదు. లండన్ నగరమున బేకర్ వీధిలో 221బి అను ఇల్లు, ఆ కథలు తొలుత వెలువడిన నాటికి లేనేలేదు. ఆ వీధి సంఖ్యలు అంతవరకు పోలేదు. 1930 ప్రాంతమున క్రొత్త సంఖ్యలు ఏర్పడి, అచ్చట ఒక గృహఋణ సంస్థ భవనము కట్టుకొనగా, షెర్లాక్ హోమ్స్ పేరిట వచ్చు జాబులకు ప్రత్యుత్తరము వ్రాయుటకే అది ఒక ఉద్యోగిని నియమింపవలసి వచ్చెను. ఒక కల్పిత పాత్ర ఇంతటి విశ్వాసమును ఎట్లు చూరగొన్నదో మనము విచారింతము.

అపరాధ పరిశోధక కథకు హోమ్స్ ఆద్యుడు కాడు. 1841లోనే అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో డ్యుపాన్ అను పరిశోధకుని సృష్టించెను. ఫ్రాన్సులో గాబోరియో లెకాక్ అను పాత్రను నడపెను. ఐతే ఆర్థర్ కానన్ డాయిల్ వైద్యుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆయనకు గురువైన జోసెఫ్ బెల్, రోగి నోరు విప్పకమునుపే వాని నడకను, చేతులను, దుస్తులను చూచి వృత్తి యేదో చెప్పగల దిట్ట. ఆ చూపునే డాయిల్ తన నాయకునకు ప్రసాదించెను.

తొలి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' 1887లో వెలువడినది. దాని హక్కులకు ముట్టినది 25 పౌనులు మాత్రమే. 1891 జూలై నుండి స్ట్రాండ్ మాసపత్రికలో చిన్న కథలు రాసాగిన పిమ్మట గాని కీర్తి రాలేదు. విసిగిన డాయిల్ 1893లో హోమ్స్‌ను స్విట్జర్లాండులోని జలపాతమున కడతేర్చెను. పాఠకులు ఊరకుండనందున 1903లో మరల బ్రదికించెను. 1927 నాటికి 4 నవలలు, 56 కథలు పూర్తియైనవి.

ఇక కథను దాటి, నిజముగా జరిగిన సంగతికి వత్తము. స్టాఫర్డ్‌షైరులోని గ్రేట్ వైర్లీ గ్రామమున 1903లో ఎవరో రాత్రులందు పశువులను కోసి చంపుచుండిరి. నేరము జార్జి ఎడాల్జీ అను యువ న్యాయవాదిపై పడెను. ఆతని తండ్రి షాపూర్జీ బొంబాయిలో పుట్టిన పార్సీ. క్రైస్తవుడై ఆ గ్రామమున మతాచార్యుడాయెను. ఎడాల్జీకి 7 సంవత్సరముల కఠినశిక్ష పడినది. 3 సంవత్సరములైన పిదప విడిచిరి గాని నిర్దోషి యనలేదు.

1907లో డాయిల్ ఆతనిని కలిసికొనబోవునప్పటికి, ఎడాల్జీ వార్తాపత్రికను కన్నులకు మిక్కిలి దగ్గరగా, కొంత ప్రక్కకు పట్టి చదువుకొనుచుండెను. నేత్రవైద్యము నెరిగిన డాయిల్‌కు అది చాలినది. పట్టపగలే దూరపు వస్తువు కానరాని వాడు, చీకటిలో పొలములకు అడ్డముపడి, రైలుకట్ట దాటి, పశువును వెదకి కోయుట యెట్లు? ఆయన డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసెను. ప్రభుత్వము విచారణ జరిపి, ఆ సంవత్సరమే క్షమాపత్రము నొసగెను. నష్టపరిహారము మాత్రము ఒక్క పెన్నీయైనను ఈయలేదు. క్రిమినల్ అప్పీళ్లు వినుటకు ఇంగ్లండున ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పు శాసనము వచ్చినదియు 1907లోనే. అందులకు దోహదము చేసిన అలజడులలో ఇదియు నొకటి.

ఎడింబరోలో 1909లో హంతకుడని శిక్షపడిన ఆస్కార్ స్లేటర్ కొరకును డాయిల్ ఏండ్ల తరబడి పోరాడెను. ఆ తీర్పు 1928లో గాని రద్దు కాలేదు. అప్పటికి స్లేటర్ 18 సంవత్సరములకు పైగా చెరలో గడపియుండెను.

హోమ్స్ పద్ధతి చిత్రమైనది కాదు: ముందు చూడవలెను, పిదప నిశ్చయింపవలెను. ఎడాల్జీ విషయమున రక్షకభటులు ముందుగా మనుష్యుని నిశ్చయించుకొని, పిదప సాక్ష్యమును వెదకిరి. ఆతని కన్నులను పరీక్షింపవలెనని వారికి తోచలేదు. కథలు చదివి మనము ఆనందించుటతో పాటు, ఒకనిపై నింద విన్నప్పుడెల్ల ఈ తారుమారును జ్ఞప్తికి దెచ్చుకొందుము గాక.