పిల్లల సంతకము, పెద్దల దుకాణము

మద్యము ముట్టమని పిల్లలచేత ప్రతిజ్ఞ చేయించు పద్ధతి సంఘములకు క్రొత్తది కాదు. దాని పుట్టుకనుగూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మేము పూనుకొంటిమి.

1847లో ఇంగ్లాండులోని లీడ్స్ పట్టణమున, త్రాగుడువలన మరణశయ్యపైనున్న ఒక యువకుని బాప్టిస్టు బోధకులు జేబెజ్ టన్నిక్లిఫ్‌గారు చూడబోయిరి. యౌవనస్థులను హెచ్చరింపుమని ఆ యువకుడు ఆయనయొద్ద మాట తీసికొనెను. ఆ యేడే ఐర్లాండునుండి ఆన్ జేన్ కార్లైల్‌గారు వచ్చి అచ్చటి పిల్లలతో మాటలాడిరి. ఆమెకప్పటికే డెబ్బది దాటినవి! అట్లు పుట్టినదే 'బ్యాండ్ ఆఫ్ హోప్', అనగా నిరీక్షణ దండు. పిల్లలు పాటలు పాడి ప్రతిజ్ఞా పత్రముపై సంతకములు చేసిరి. ఇరువదవ శతాబ్దారంభమునకు సభ్యులు సుమారు 30 లక్షలైరి.

ఇచ్చట మేమొక సంగతి దాచలేము. ఆ దినములలో తండ్రికి బీరు తెచ్చుటకు కూజా పట్టుకొని దుకాణమునకు పోవువారు ఆ పిల్లలే. మద్యవిరోధ సంఘములు ఒత్తిడి చేయగా 1901లో, పదునాలుగేండ్లలోపు వారికి మూత బిగించి సీలు వేయని మద్యము అమ్మరాదని చట్టము వచ్చినది. పదునెనిమిదేండ్లలోపు వారికి అమ్మరాదన్న చట్టము నాన్సీ ఆస్టర్‌గారి పట్టుదలతో 1923లో వచ్చినది. పిల్లలు సంతకము చేసిన డెబ్బదియారేండ్లకు గాని పెద్దల చేయి అంతవరకు రాలేదు.

ఒకసారి మా యౌవనస్థుల కూటములో కూలిపనికి పోవు కుర్రవాడొకడు, "పాస్టరుగారూ, సంతకం మేం పెడతాం. మా పేట మొదట్లో ఉన్న దుకాణం ఎవరు మూయిస్తారండీ?" అని అడిగెను. జవాబు తోచక ప్రార్థన చేసి పంపివేసితిమి.

ఆ జవాబు మన నెల్లూరు జిల్లా స్త్రీలు ఎన్నడో చెప్పియుండిరి. రాత్రి బడిలో అక్షరములు దిద్దిన దూబగుంట స్త్రీలు, రోశమ్మగారు మొదలగువారు, బిడ్డలను ప్రతిజ్ఞ అడుగలేదు. సారా దుకాణమునకే అడ్డము నిలిచిరి. 1992లో ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ప్రభుత్వమే దానిని సడలించెను. సారా ప్యాకెట్టు పోయిన చోటికి బ్రాందీ సీసా వచ్చినది.

నిరీక్షణ దండు 1995లో హోప్ యూకే అని పేరు మార్చుకొన్నది. మాదకద్రవ్యముల కీడునుగూర్చి తలిదండ్రులకును బోధింప పూనుకొన్నది.

ఈ యేడు మేము ప్రతిజ్ఞా పత్రమును మొదట సంఘ పెద్దలయొద్దకే తీసికొనిపోయితిమి. ఇద్దరు సంతకము చేయలేదు.