బందిపోటు ఎవరి మనిషి?

ఉన్నవాణ్ణి దోచి లేనివాడికి పెట్టే బందిపోటు అంటే మన పాఠకులకు వల్లమాలిన ఇష్టం. నాకూ ఇష్టమే. 1969లో ఎరిక్ హాబ్స్‌బాం 'బాండిట్స్' రాసి, అటువంటివాణ్ణి రైతుల అసమ్మతికి ప్రతినిధిగా నిలబెట్టాక ఈ ఇష్టానికి శాస్త్రీయమైన అండ కూడా దొరికింది. ఆ వరసలో అమెరికా బందిపోటు జెస్సీ జేమ్స్ పేరూ వస్తుంది. ఆ పేరు దగ్గర నేను ఆగవలసి వస్తున్నది.

ఒక పేద వితంతువు ఇల్లు తాకట్టులో వుంది. షావుకారు వసూలుకు వస్తున్నాడు. జేమ్స్ ఆమె చేతిలో డబ్బు పెట్టి, రసీదు మరవకుండా తీసుకోమంటాడు. తిరుగుదారిలో షావుకారును ఆపి ఆ డబ్బు గుంజుకుంటాడు. చక్కని కథ. జరిగిందనటానికి దాఖలా లేదు. ఇదే కథ మరికొందరు దొంగల మీద కూడా చెప్పుకుంటారు. అయితే కథ అబద్ధమైనంత మాత్రాన, చెప్పుకున్నవాళ్ల అప్పు అబద్ధం కాదు. మిస్సోరీలో కౌంటీలు రైలు మార్గాల కోసం బాండ్లు అమ్మాయి. కొన్నిచోట్ల రైలు రాలేదు, పన్ను మాత్రం వచ్చింది. రైతు కడుపుమంట నిజం. ఆ మంటకు ఈ మనిషి ఎట్లా ప్రతినిధి అయినాడు?

జేమ్స్ 1847లో మిస్సోరీలోని క్లే కౌంటీలో పుట్టాడు. పొగాకు పండించే ఆ కుటుంబానికి ఏడుగురు బానిసలుండేవారు. అంతర్యుద్ధంలో, పదహారేళ్ల ప్రాయంలో, బానిసల యజమానుల పక్షాన గెరిల్లాల్లో చేరాడు. వాళ్ల నాయకుడు 'బ్లడీ బిల్' ఆండర్సన్. 1864 సెప్టెంబరులో ఆ ముఠా సెంట్రేలియాలో రైలాపి, నిరాయుధులైన ఉత్తరాది సైనికులను ఇరవైమందికి పైగా దింపి కాల్చింది. 1869లో గాలటిన్ బ్యాంకులో క్యాషియరు చచ్చింది కూడా పెట్టె తాళాల కోసం కాదు. ఆండర్సన్‌ను చంపిన అధికారి అతనేనని పొరబడ్డారు.

ఇతణ్ణి వీరుణ్ణి చేసింది రైతులు కాదు, కాన్సాస్ సిటీ టైమ్స్ సంపాదకుడు జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్. దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. 1872లో ఒక సంతలో జరిగిన దోపిడిలో చిన్నపిల్లకు గాయమైతే, ఆ దోపిడిని ఆయన క్షాత్రమని పొగిడాడు! 1865 రాజ్యాంగం మిస్సోరీలో తిరుగుబాటుదార్ల ఓటుహక్కు తీసేసింది. మళ్లీ అధికారానికి ఎగబాకుతున్న ఆ వర్గానికి ఒక వీరుడు కావాలి.

1876 సెప్టెంబరు 7న ముఠా ఎంతో దూరంలోవున్న మిన్నెసోటాకు పోయి, నార్త్‌ఫీల్డ్ బ్యాంకు మీద పడింది. అంతదూరం ఎందుకు? ఆ బ్యాంకులో అడెల్బర్ట్ ఏమ్స్‌కు సొమ్ముందని ముఠావాడే తరువాత చెప్పాడు. ఏమ్స్ ఉత్తరాది సేనాని. నల్లవాళ్ల ఓట్లతో మిసిసిపీ గవర్నరై, ఆ ఏడాదే పదవి వదలుకోవలసి వచ్చినవాడు. నార్త్‌ఫీల్డులో వాళ్లను ఎదిరించింది రైలు కంపెనీ కాదు. ఇనుపసామాన్ల వర్తకుడూ, వైద్యవిద్యార్థీ తుపాకులు పట్టారు. పెట్టె తెరవనన్న గుమాస్తా హేవుడ్, దారినపోయే స్వీడిష్ వలసకూలీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రజలు ఎటున్నారో వేరే చెప్పాలా?

1882లో, రైలు కంపెనీల సొమ్ముతో ప్రకటించిన బహుమానానికి ఆశపడి, రాబర్ట్ ఫోర్డ్ జేమ్స్‌ను వెనకనుంచి కాల్చాడు. దానితో కథకు కావలసిన ద్రోహి కూడా అమరాడు.

బ్యాంకులు పొలాలు జప్తు చేస్తున్న మాంద్యకాలంలో, 1939లో, హాలీవుడ్ ఈ కథను సినిమా తీసింది. అందులో రైలు కంపెనీ మనుషులు పొలాలు కాజేస్తారు, వాళ్ల బాంబుకు తల్లి చనిపోతుంది. నిజానికి 1875లో పింకర్టన్ డిటెక్టివుల దాడిలో ఆమె చెయ్యి పోయింది, ఎనిమిదేళ్ల కొడుకు చనిపోయాడు. ఆమె 1911 దాకా బ్రతికింది. ఆ దుర్మార్గానికి అలంకారాలు అక్కరలేదు. అలంకారం అవసరమైంది మరొకచోట: ఏడుగురు బానిసలు తెరమీద కనపడరు. యజమాని కుటుంబాన్ని ప్రాణంగా చూసుకునే నల్ల నౌకరొకడు కనపడతాడు.