బిట్రగుంట షెడ్డు: అట్టముక్కల మీద ఒక చరిత్ర

పదవీ విరమణ చేసిన తరువాత పొద్దు ఎలా పుచ్చుతున్నారని మన సభ్యులు ఒకరినొకరు అడగడం పరిపాటి. కొందరు పురాణ కాలక్షేపమంటారు, కొందరు తోటపని అంటారు. నేను రైలు నమూనాలు చేస్తున్నానంటే మాత్రం ఎదుటివారు ఒక్క క్షణం ఆగి, "మనవడికా?" అని అడుగుతారు. కాదు, నాకే. ఖజానా కార్యాలయంలో ముప్పై మూడేళ్లు పైసా తేడా రాకుండా పద్దులు చూసిన అలవాటు ఊరికే పోతుందా? ఇప్పుడు మిల్లీమీటరు తేడా రాకుండా పట్టాలు వేస్తున్నాను. ఈ వ్యాపకం నన్ను మన నెల్లూరు సీమ రైలు చరిత్రలోకి ఎలా లాక్కెళ్లిందో, అందులో మీతో నాకున్న పని ఏమిటో ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తాను.

బొమ్మకు, నమూనాకు తేడా కొలతలో ఉంది. బొమ్మ రైలుకు కొలతలు లేకపోయినా పరవాలేదు. నమూనాలో ప్రతి వస్తువూ అసలుదానికి ఒకే నిష్పత్తిలో తగ్గాలి. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లో పట్టాలతో సహా బొమ్మ రైళ్లను ఒక పద్ధతిలో పెట్టింది. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్లు 1920లో వచ్చాయి. నేడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత 87వ వంతు. ఆ లెక్కన 21 మీటర్ల పైచిలుకు పొడవుండే మన పెరంబూరు బోగీ 24న్నర సెంటీమీటర్లు అవుతుంది. విజయవాడ నుంచి చెన్నైకి 431 కిలోమీటర్లు. దాన్ని 87వ వంతుకు తగ్గించినా దాదాపు 5 కిలోమీటర్లు! కాబట్టి ఇంట్లో లైనంతా పట్టదు. ఒక స్టేషను, ఒక షెడ్డు, ఒక సంవత్సరం ఎంచుకోవలసిందే.

ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కుంది. బజారులో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది పాశ్చాత్య దేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. దానికి 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. చాలామంది సర్దుకుపోతారు. నా ఇంజను ఎలాగూ కదలదు గనుక పట్టాలు నేనే వేసుకున్నాను. "నడవని రైలుకు ఇన్ని తిప్పలా?" అని మా ఇంటావిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నేను ఎంచుకున్నది బిట్రగుంట, 1962వ సంవత్సరం. అప్పుడు నాకు ఏడేళ్లు. మా నాన్నగారి చెయ్యి పట్టుకుని ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి, పొగలో ఊపిరాడక దగ్గిన జ్ఞాపకం ఒక్కటే నా పెట్టుబడి. మిగతాదంతా చదివి, అడిగి, తిరిగి తెలుసుకున్నదే.

రైలు రాకముందు మన కోస్తాలో సరుకు ఎక్కువగా బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో నడిచేది. 1877-78 నాటి పెద్ద కరువులో పనికి ఆహారంగా ఆ కాలువ పనులు సాగాయి. నాటి మద్రాసు గవర్నరు పేరే దానికి నిలిచింది. గూడూరుకు తిరుపతి, పాకాల వైపు నుంచి సౌత్ ఇండియన్ రైల్వే వారి మీటర్ గేజి వచ్చింది. 1899లో విజయవాడ, మద్రాసుల మధ్య బ్రాడ్ గేజి లైను కలిసింది. తూర్పు తీరం వెంట రైళ్లు నేరుగా నడిచే వీలు ఏర్పడింది. కాలువ పక్కనే రైలు పరుగెత్తడంతో పడవలకు క్రమంగా గిరాకీ తగ్గింది. గూడూరులో రెండు గేజిలు కలవడం వల్ల ఒక గేజి వ్యాగన్లలోని బస్తాలను కూలీలు భుజాన మోసి మరో గేజి వ్యాగన్లలోకి మార్చవలసి వచ్చేది.

పట్టాలు అవే అయినా యజమానులు మారుతూ వచ్చారు. మొదట మద్రాసు రైల్వే. 1908లో అది సదరన్ మరాఠాతో కలిసి ఎం.ఎస్.ఎం. రైల్వే అయింది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ డివిజను అందులో చేరింది. గూడూరుకు దక్షిణాన ఉన్న నాయుడుపేట, సూళ్లూరుపేట లైను మాత్రం దక్షిణ రైల్వేలోనే మిగిలింది. ఈ తేదీలు నమూనా చేసేవాడికి ప్రాణం. నేను మొదట చేసిన బోగీ మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు రాసి, ఎంతో మురిసిపోయాను. 1962లో ఆ రైల్వేయే లేదని తరువాత గాని తట్టలేదు! పద్దు తప్పినట్టు సిగ్గుపడి, చెరిపి మళ్లీ రాశాను.

ఇంతకూ బిట్రగుంటకు అంత పెద్ద షెడ్డు, యార్డు ఎందుకు? కారణం ఆవిరి ఇంజను స్వభావంలో ఉంది. దానికి బొగ్గు కావాలి, నీళ్లు కావాలి, బూడిద తీయాలి, మనుషులు మారాలి. విజయవాడకూ మద్రాసుకూ దాదాపు నడిమధ్యన ఉన్నది బిట్రగుంట. వచ్చిన ఇంజను ముందు బూడిద గుంట మీద ఆగుతుంది. పిదప బొగ్గు, నీరు పడతారు. ఆ తరువాత టర్న్ టేబుల్ మీదికి ఎక్కించి, ముఖం తిప్పి, దాని చుట్టూ విసనకర్ర పుల్లల్లా పరచుకున్న లైన్లలో ఒకదాని మీదుగా రౌండ్ హౌసులోకి పంపుతారు. చల్లబడిన ఇంజనులో మళ్లీ నిప్పు రాజేసి ఆవిరి పుట్టించడానికి గంటలు పడుతుంది. పాసింజర్లకు 1947లో వచ్చిన డబ్ల్యూ.పి., గూడ్సులకు 1950 నుంచి వచ్చిన డబ్ల్యూ.జి. ఆ రోజుల్లో పేరుమోసిన ఇంజన్లు. డబ్ల్యూ.పి. పెద్ద చక్రం నా నమూనాలో కోటు బొత్తామంత ఉంటుంది.

శుభలేఖల అట్టతో షెడ్డు, అగరుబత్తి పుల్లలతో స్లీపర్లు, సైకిలు పుల్లతో నీళ్ల గొట్టం, జల్లించిన రాతిపొడితో కంకర చేశాను. ఖర్చు స్వల్పం. అయిపోయిందనుకున్న రోజున, ఆ షెడ్డులో ఫైర్మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయనను ఇంటికి పిలిచాను. వయసు తొంభైకి దగ్గర. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

"ఏంది అబ్బయా, షెడ్డు గోడలకు సున్నం కొట్టినావా?" అన్నారు.

"తెల్లగా ఉండేవి కాదా మామా?"

"కట్టినరోజు ఉండుంటాయిలే. మాకు తెలిసింది మసే. ఇంట్లో ఆరేసిన పంచెలకూ మసే."

నా బూడిద గుంట షెడ్డు లోపల ఉంది. "నిప్పులు లోపల దించితే మనుషులేం కావాల?" అని దాన్ని బయటికి జరిపించారు. కాల్‌మన్ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని క్వార్టర్ల తలుపు తట్టి, డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లే సంగతి చెప్పారు. ఆ తలుపు చప్పుడుకు ముందుగా లేచేది ఇంటి ఇల్లాలేనట. మగనికి క్యారేజీ కట్టాలి కదా! ఏ పుస్తకం చదివినా నాకు ఈ ఇల్లాలు కనిపించలేదు.

కాల్‌మన్ల గది యార్డులో ఎక్కడ ఉండేదని మరునాడు తట్టింది. మళ్లీ వచ్చినప్పుడు అడుగుదాములే అనుకున్నాను. ఆయన మళ్లీ రాలేదు. ఆ నెలలోనే కాలం చేశారు. నా నమూనాలో ఆ గది చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఊహించి కట్టేయవచ్చు. కాని వోచరు లేని పద్దు రాయడానికి చెయ్యి రాలేదు.

డీజిలు, కరెంటు ఇంజన్లకు మధ్యలో బొగ్గు, నీళ్ల అవసరం లేదు. విజయవాడ-చెన్నై మార్గమంతా 1980 నాటికి విద్యుదీకరణ జరిగింది. బిట్రగుంట ప్రాభవం దానితో తగ్గింది. దేశంలో బ్రాడ్ గేజి మీద ఆవిరి ఇంజన్ల మామూలు నడక 1995తో ముగిసింది. దీన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ మసి మింగినవారెవరూ అది తిరిగి రావాలని కోరరు. 2019లో ఓబులవారిపల్లె-వెంకటాచలం లైను పూర్తయినప్పుడు, వెలిగొండల కింద ఆరున్నర కిలోమీటర్లకు పైగా తొలిచిన సొరంగం గుండా రైలు వెళ్తుంటే నేనూ గర్వపడ్డాను. ఆ సొరంగానికి నక్షాలు, ఫోటోలు ఉన్నాయి. బిట్రగుంట రాత్రులకు ఉన్నవి మనుషుల జ్ఞాపకాలే. 1980లో ఇరవై అయిదేళ్ల ఫైర్మన్‌కు ఇప్పుడు డెబ్భై దాటుతోంది.

ఢిల్లీలో 1977లో జాతీయ రైలు మ్యూజియం తెరిచారు. పూనాలో జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం 1998లో, పెరంబూరులో ప్రాంతీయ రైలు మ్యూజియం 2002లో వచ్చాయి. పిల్లలను వెంటబెట్టుకుని చూడదగినవి. అయితే వాటిలో ఇంజన్లు దొరుకుతాయి గాని, క్యారేజీ కట్టిన ఇల్లాలు దొరకదు.

కనుక సభ్యులకు, వారి కుటుంబాలకు నా విన్నపం. ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దలుంటే ఒక నోటు పుస్తకం తీసుకుని పక్కన కూర్చోండి. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. ఏ గది ఎక్కడ, ఏ తలుపు ఎటు తెరుచుకునేది, డ్యూటీ నుంచి వచ్చాక ముందు ఏం చేసేవారు అని అడగండి. పాత ఫోటో ఉంటే వెనుక ఊరు, సంవత్సరం, పేర్లు పెన్సిలుతో రాయండి. ఆ పెద్దలకూ పొద్దుపోతుంది, మనకూ చరిత్ర దక్కుతుంది.

బిట్రగుంటలో కాల్‌మన్ల గది ఎక్కడ ఉండేదో తెలిసినవారు మన సంఘ కార్యాలయంలో ఒక చీటీ ఇస్తే చాలు. అట్ట సిద్ధంగా ఉంది. ఈసారి సున్నం కొట్టనని మాట ఇస్తున్నాను.