చెన్నపురిలో వెలసిన కొలమానము

చెన్నపురిలో తరతరములుగా నివసించుచున్న ఆంధ్రులకు గిండీ, అడయారు చిరపరిచిత స్థలములు. మాంసకృత్తుల నిర్మాణమును పరీక్షించుటకు లోకమంతట వాడుకలోనున్న ఒక పద్ధతి ఆ పరిసరములందే రూపొందెనని మన పిల్లలలో ఎందరెరుగుదురు? శాస్త్రము తెలుగున ఒదుగదని తలచి, బిడ్డలను తెలుగు తరగతి మాన్పించు తలిదండ్రులను నేను చూచితిని. వారి కొరకే ఈ వృత్తాంతము.

1952లో జి. ఎన్. రామచంద్రన్ మదరాసు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులైరి. అచ్చటికి విచ్చేసిన జె. డి. బెర్నాల్ కొల్లాజెన్ నిర్మాణము ఇంకను తేలలేదని వారికి సూచించిరి. చర్మమునకును స్నాయువులకును బలమిచ్చు మాంసకృత్తి ఇది. తోలునకు మూలపదార్థము ఇదియే గనుక అడయారులోని కేంద్ర తోలు పరిశోధనాలయము నుండి నమూనాలు లభించినవి. తెనాలి ప్రాంతమున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958లో సంచాలకులైనది ఈ సంస్థకే.

నమూనాలపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, ఛాయాఫలకముపై పడిన గుర్తులను బట్టి రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మూడు గొలుసుల నిర్మాణమును ప్రతిపాదించిరి. 1955లో దానిని సవరించి, మూడు పాయల జడవలె పెనవేసికొన్న రూపమును చూపిరి. ప్రతి మూడవ స్థానమున మిక్కిలి చిన్నదైన గ్లైసీన్ ఉండుటచే పాయలు లోపల ఒదుగుచున్నవి.

ఆ నిర్మాణమున కొన్ని పరమాణువులు మితిమీరి చేరువైనవని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణయే క్రొత్త ప్రశ్నకు దారితీసినది: పరమాణువులు ఒకదానికొకటి ఎంతవరకు చేరువ కాగలవు? రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ అప్పటికి తెలిసిన స్ఫటికములనుండి ఆ దూరములను సేకరించిరి. మాంసకృత్తి గొలుసులోని ప్రతి కణుపు వద్ద రెండు మలుపులు గలవు. ఆ రెండు కోణములను మార్చుచు, బల్లమీది గణనయంత్రముతో లెక్కించి, పరమాణువులు ఢీకొను స్థితులను త్రోసివేసిరి. మిగిలినవి కొలది ప్రాంతములే. 1963లో ప్రకటితమైన ఆ పటమే రామచంద్రన్ పటము.

తదనంతరము రామచంద్రన్ బెంగుళూరు చేరి, భారతీయ విజ్ఞాన సంస్థలో అణుజీవభౌతిక విభాగమును నెలకొల్పిరి. 2001లో పరమపదించిరి. నేడు ఆల్ఫాఫోల్డ్ వంటి గణనసాధనములు మాంసకృత్తుల ఆకృతిని ముందుగానే ఊహించుచున్నవి. ఆ కృషికి హస్సాబిస్, జంపర్ గార్లు 2024 రసాయన నోబెల్ బహుమానమున పాలు పంచుకొనిరి. యంత్రము ఊహించిన ఆకృతినైనను, ప్రయోగశాలలో తేల్చిన ఆకృతినైనను ఆ పాత పటముపై సరిచూచుట నేటికిని పరిపాటి.

ఒక జడ, రెండు కోణములు, ఒక గళ్ల కాగితము: ఇంతమాత్రముతో ఈ కథను మన తరగతిలో, మన నుడిలో చెప్పవచ్చును. నేను చెప్పుచున్నాను, పిల్లలు గ్రహించుచున్నారు.