‘బి’ కోర్సు: ఉన్నత పాఠశాలలో వృత్తివిద్య నడచిన దారి

పద్నాలుగేండ్ల బాలునకు పాఠశాలలోనే ఒక పని నేర్పి, పట్టభద్రుడు కాకున్నను గౌరవముగా బ్రతుకగలవానిగా తీర్చవలెనను కోరిక మన దేశమున నిన్నమొన్న పుట్టినది కాదు. 1854 నాటి వుడ్ దొరవారి విద్యాపత్రము ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు విశ్వవిద్యాలయములు వెలసి, వాని ప్రవేశపరీక్షయైన మెట్రిక్యులేషనే ప్రతి ఉన్నత పాఠశాలకును పరమగమ్యమై కూర్చున్న తరువాత, పాతికేండ్లు నిండునప్పటికే, ఆ పరీక్ష తప్పినవారును, నెగ్గియు కళాశాల మెట్లెక్కు స్తోమతు లేనివారును ఏమి కావలెనను ప్రశ్న ప్రభుత్వమునకు ఎదురైనది. 1882లో రిప్పన్ ప్రభువు నియమించిన విద్యాసంఘము, విలియం హంటరు అధ్యక్షతన దేశమంతటి సాక్ష్యములను సేకరించి, దీనికొక పరిష్కారమును సూచించెను. ఉన్నత పాఠశాలల పై తరగతులయందు రెండు మార్గము లుండవలెను. ఒకటి విశ్వవిద్యాలయమునకు పోవునది, రెండవది వర్తకము మొదలైన లోకవ్యవహారములకు బాలురను సిద్ధపరచునది. విద్యాశాఖవారి వాడుకలో మొదటిది ‘ఎ’ కోర్సు, రెండవది ‘బి’ కోర్సు అయినవి.

‘బి’ కోర్సు ఎక్కడను వేళ్లూనలేదు. దీనికి కారణము చెప్పవలసి వచ్చినపుడెల్ల, శారీరక శ్రమను ఏవగించుకొను స్వభావము మనవారికి పుట్టుకతోనే వచ్చినదని నిర్ణయించి ఊరకుండుట పరిపాటియైనది. ఆ నిర్ణయమును నేనంగీకరింపజాలను. గోదావరి తీరముననో కృష్ణా తీరముననో అరెకరము అమ్మి కుమారుని పట్టణమున బసపెట్టి చదివించిన తండ్రి, మెట్రిక్యులేషను నెగ్గినవానికి తాలూకా కచేరీలో గుమాస్తా కొలువు దొరకుటను కన్నులార చూచుచుండెను. రెండవ మార్గమున బోయిన బాలుని పిలిచి పని ఇచ్చు కార్ఖానా గాని, వర్తకసంఘము గాని వాని కనుచూపు మేరలో లేదు. ఇట్టి స్థితిలో అతడు ‘ఎ’ కోర్సునే కోరుట అజ్ఞానమెట్లగును? లెక్క తెలిసిన గృహస్థుడు చేయదగిన పనినే అతడు చేసెను. ఉద్యోగములిచ్చు ప్రభుత్వమే తన కొలువులకు మెట్రిక్యులేషనును కొలమానముగా పెట్టుకొని, ప్రజలను మాత్రము మరియొక త్రోవను పొమ్మనినపుడు, ఆ హితబోధ చెవికెక్కలేదని ప్రజలను నిందించుట న్యాయము కాదు.

ఈ సంగతిని ప్రభుత్వముకంటె ముందుగా గ్రహించి, దానిని వేరొక విధముగ సరిదిద్దబూనినవారు బందరులో ముగ్గురు మిత్రులుండిరి. 1907లో బిపినచంద్ర పాలు ఆంధ్రదేశమున చేసిన పర్యటనము రగిల్చిన ఉత్సాహము చల్లారకముందే, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు జాతీయవిద్యకై నడుము కట్టిరి. న్యాయశాస్త్రము చదివియు వకీలు వృత్తి జోలికి పోక, తన ఆయుస్సునంతను హనుమంతరావుగారు ధారపోసిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో వెలసినది. అచట పుస్తకవిద్యయు, చేతిపనియు ఒకే ప్రాంగణమున, ఒకే గౌరవముతో నడువవలెనన్నది సంకల్పము. మగ్గమును, యంత్రపు పనిముట్టును, చిత్రకారుని కుంచెయు అచట విద్యాంగములే గాని చదువురాని వారికి విధించిన శిక్షలు కావు. ప్రమోదకుమార ఛటోపాధ్యాయుని యొద్ద అడివి బాపిరాజుగారు చిత్రకళ నభ్యసించినది ఆ చోటనే. తరువాతి కాలమున దానికి అధ్యక్షులైనదియు వారే. కాని సర్కారు గుర్తింపునకు వెలుపల నిలిచిన ఆ విద్యాలయపు యోగ్యతాపత్రము సర్కారు కచేరీలో చెల్లదు. దేశీయ పరిశ్రమలా, వేళ్లమీద లెక్కింపదగినన్నియే. హనుమంతరావుగారు 1922లో, నడివయసుననే గతించిరి. అట్టి ఆదర్శమును ఒక పట్టణపు చందాలపైనను, కొందరి త్యాగముపైనను ఎంతకాలము నిలుపగలము? ఆ భారమును మోయవలసినది దేశము.

1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముడు సమావేశపరచిన విద్వాంసులు ఆ భారమును దేశము నెత్తికెత్తదలచిరి. ఏడేండ్ల నిర్బంధ ఉచిత విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని కేంద్రముగా సకల విషయముల నేర్పు, అను సూత్రములతో డాక్టరు జాకిర్ హుసేన్ సంఘము ప్రణాళికను రచించినది. ఏడేండ్లు ముగియునప్పటికి బాలుడు ఇంగ్లీషు మినహా మెట్రిక్యులేషను పాటి విద్యను, దానితోపాటు ఒక వృత్తిని పొందవలెనన్నది గాంధీగారి ఉద్దేశము. తకిలీ ఆడించు బాలునకు ప్రత్తి ఎచట పండునో చెప్పుచు భూగోళమును, నూలు గజములు కొలిపించుచు గణితమును, మగ్గముల చరిత్ర చెప్పుచు దేశచరిత్రమును బోధింపగల ఉపాధ్యాయుడున్నచోట ఆ పద్ధతి రమ్యముగ నడచినది. అట్టి ఉపాధ్యాయుడు లేనిచోట తకిలీ తకిలీగానే మిగిలినది; పిల్లలు గంటసేపు దారము తీసి, తరువాత ఎప్పటివలె ఎక్కములు వల్లించిరి.

ఇచట మన చరిత్రలోని మిక్కిలి బాధాకరమైన ఘట్టము వచ్చుచున్నది. 1953లో మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు పల్లెటూళ్ల ప్రాథమిక పాఠశాలలలో బడివేళను మూడు గంటలకు తగ్గించి, మిగిలిన ప్రొద్దు పిల్లలు తమ తలిదండ్రుల వృత్తిని నేర్వవలెనను పథకమును ప్రవేశపెట్టిరి. బడులు చాలవు, పంతుళ్లు చాలరు, రెండు పూటలుగా నడిపినచో రెట్టింపు మందికి చదువబ్బును అని వారి వాదము; అందు కొంత ఆర్థిక సత్యము లేకపోలేదు. కాని చాకలి కుమారుడు చాకిరేవునకు, చెప్పులు కుట్టువాని కుమారుడు ఆరె చెంతకు, కరణము కుమారుడు కవిలె కట్ట చెంతకు మరల పోవలెనన్న ఏర్పాటు ఎవరిని ఎచట నిలుపునో గ్రహించుటకు పాండిత్య మక్కరలేదు. దానిని కులవిద్యా పథకమని పెరియారు మొదలగువారు ఎదిరించిరి; రాష్ట్రమంతయు అట్టుడికినట్లుడికినది; 1954 ఏప్రిలులో రాజాజీ పదవి వదలిరి, వారి తరువాత వచ్చిన కామరాజు నాడారు పథకమును రద్దు చేసిరి. నా దృష్టిలో ఇది ఒక పథకపు పతనముతో ముగిసిన కథ కాదు. తరతరములుగా అక్షరమునకు దూరముగ నుంచబడిన కుటుంబములు, తమ పిల్లలకు ‘పని నేర్పెదము’ అని ప్రభుత్వము వచ్చినపుడెల్ల, నీ పిల్లలకు కూడ నేర్పెదవా అని అడుగుట ఆనాటినుండి మానలేదు. ఆ ప్రశ్నకు సూటిగ బదులు చెప్పక వృత్తివిద్యను గూర్చి ఎన్ని నివేదికలు వ్రాసినను అవి బీరువాలను అలంకరించుటకే.

చిత్రమేమనగా, ఆ 1953లోనే, అదే మదరాసు నగరమున విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన వేరొక పెద్ద, ఆ ప్రశ్నకు బదులును వెదకుచుండెను. 1887లో మన కర్నూలులో, సోదరుడు రామస్వామితో కవలగా జన్మించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు, కేంద్రప్రభుత్వము 1952లో నియమించిన మాధ్యమిక విద్యాసంఘమునకు అధ్యక్షుడు. మానవశాస్త్రములు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలను ఒకే కప్పు క్రింద నిలుపు బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలను ఆ సంఘము ప్రతిపాదించెను. ఏ శాఖలో చదువువాడైనను ఒక చేతిపనిని నేర్వకతప్పదని విధించెను. వడ్రంగము నేర్చు పాఠశాల వేరు, గణితము నేర్చు పాఠశాల వేరు అయినపుడు రెంటి నడుమ హెచ్చుతగ్గుల భావము తప్పక తలయెత్తును గనుక, అన్ని శాఖలవారు ఒకే ప్రాంగణమున తిరుగాడవలెనన్నది వారి హేతువు. బందరు మిత్రుల భావమే ఇచట ప్రభుత్వపు నివేదికగా రూపొందినది. ఖర్చునకు పరిశ్రమలపై ప్రత్యేకమైన విద్యాసుంకము విధింపవలెనని కూడ వారు సూచించిరి. ఏడు శాఖలకు ప్రశంసలు దొరికినవి గాని ఈ సుంకపు మాట నెవరును చెవిని పెట్టలేదు.

మన జిల్లాలలో ‘మల్టీపర్పస్ హైస్కూలు’ అను పేరు ఇప్పటికిని కొన్ని పట్టణములలో పాఠశాలల నొసటిపై కనిపించును. ఆ పేరు పెట్టిన తరువాత పాఠశాలకు లేతు యంత్రము వచ్చినది, బల్లలు వచ్చినవి. ఆ లేతు నడిపించి చూపగల పంతులు మాత్రము తరచుగ రాలేదు. ఈ కొరతను తీర్చుటకే 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరులలో నాలుగు ప్రాంతీయ శిక్షణ కళాశాలలు స్థాపింపబడినవి. మన ప్రాంతమునకు మైసూరు కళాశాలయే ఆధారము. ఉపాధ్యాయులు శిక్షణ ముగించి తిరిగివచ్చు వేళకు విధానమే మారిపోయినది. 1966లో తన నివేదికను సమర్పించిన కొఠారీ సంఘము, పదవ తరగతివరకు విద్యార్థులను శాఖలుగా విడదీయరాదని, వృత్తివిద్య ప్రధానముగా ఆపైన రావలెనని, పది దాటినవారిలో ఇంచుమించు సగముమందిని దానివైపు మరల్చవలెనని నిర్ణయించెను. పదమూడేండ్లకే పిల్లవాని భవితవ్యమును తేల్చివేయరాదన్న వారి హేతువు నాకు సమ్మతమే; కాని పాతుకొనకముందే పెరికిన మొక్కవంటిదైనది బహుళార్థసాధక పాఠశాల.

ఈ నివేదికలన్నిటికి దూరముగ, మన పట్టణముల సందులలో ఒక వృత్తివిద్య పచ్చగ వర్ధిల్లుచుండెనని మరువరాదు. అది టైపు ఇనిస్టిట్యూటు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు వ్రాసిన పిల్లలు సాయంకాలము గంటకొక జట్టుగా వచ్చి, రెమింగ్టను యంత్రము ముందు నిటారుగ కూర్చుండి, అక్షరములవైపు చూడక ‘ఏ-ఎస్-డి-ఎఫ్-జి-ఎఫ్’ అని ఎడమచేతి వ్రేళ్లకు, ‘సెమికోలన్-ఎల్-కె-జె-హెచ్-జె’ అని కుడిచేతి వ్రేళ్లకు దినములకు దినములు సాధన చేసెడివారు. చిటికెనవ్రేలు బలహీనము గనుక ఆ వ్రేలు కొట్టిన అక్షరము కాగితముపై మసకగ పడెడిది. అన్ని అక్షరములు ఒకే నలుపుగ పడు వరకు పంతులు తరువాతి పాఠము ఇచ్చెడివాడు కాడు. ప్రభుత్వ సాంకేతిక పరీక్షల దినమున ఇనిస్టిట్యూటు యజమాని తన యంత్రములను రిక్షాలలో పరీక్షాకేంద్రమునకు తరలించెడివాడు. లోయరు, హయ్యరు నెగ్గినవానికి కచేరీలో టైపిస్టు కొలువు కలదు; ఆ కొలువు చేయుచు రాత్రి కళాశాలలో చేరి బి.ఏ. ముగించుటకు అడ్డము లేదు. చేతి వ్రేళ్లతో చేయు పనియే గదా అది! దానిని మనవారెవరు ఏవగించుకొనిరి? అన్ని కులముల పిల్లలును, అందు బాలికలును, ఫీజు చెల్లించి మరీ నేర్చుకొనిరి. 1950లో ఆరంభమైన పారిశ్రామిక శిక్షణ సంస్థల విషయమును ఇట్టిదే. రామచంద్రాపురము భారీ విద్యుత్పరికరముల కర్మాగారమువంటివి లేచిన చోట ఫిట్టరు, టర్నరు, వెల్డరు శిక్షణకు పిల్లలు పోటీపడిరి.

ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడిన తరువాతి కాలమున వృత్తివిద్య ‘ఒకేషనల్ ఇంటరు’ రూపమున మన యెదుటికి వచ్చినది. 1986 జాతీయ విద్యావిధానము, పది దాటిన విద్యార్థులలో 1990 నాటికి నూటికి పదిమంది, 1995 నాటికి ఇరువదియైదుగురు ఈ మార్గమున నుండవలెనని లక్ష్యము నిర్దేశించినది. ఆ గీటును దేశము చేరలేదు. ఎమ్మెల్టీ అని పిలువబడు వైద్యప్రయోగశాల శిక్షణ నెన్నుకొన్న విద్యార్థి ఏమి నేర్చునో చూడుడు. గాజుపలక చివర ఒక రక్తబిందువు నుంచి, రెండవ పలకను ఏటవాలుగ దానికి తాకించి, బిందువు అంచు పొడవున వ్యాపించు వరకు నిలిపి, ఒక్క ఊపున ముందునకు త్రోయవలెను. చేయి వణకిన చారలు పడును, ఒత్తిడి పెరిగిన కణములు నలుగును; సరిగ వచ్చినపుడు ఆ పూత నాలుక ఆకారమున నుండి, కొన యందు పలుచబడును. మలేరియా క్రిమి కనబడునా లేదా అన్నది సూక్ష్మదర్శినికంటె ముందు ఆ చేతి నిలకడపై ఆధారపడును. పదునారేండ్ల ప్రాయమున ఇట్టి నేర్పు సంపాదించిన బిడ్డను, ఎంపీసీ, బైపీసీలలో సీటు దొరకక పోయినదానిగా బంధువులు జాలిచూపు చూచుట నాకు దుర్భరముగ నున్నది.

బ్రిడ్జి కోర్సు అను ఏర్పాటు ఈ విద్యార్థుల కొరకే కలదు. ఒకేషనల్ విద్యార్థి తన పాఠములతోపాటు విజ్ఞానశాస్త్రముల కొరత తీర్చు అదనపు పరీక్షలు వ్రాసి, సాధారణ ఇంటరు విద్యార్థులతో సమానముగ పై చదువులకు పోవచ్చును. దీనిని వృత్తివిద్యా లక్ష్యమునకు గండి యని ఆక్షేపించువారు కలరు. పనికై తయారుచేసిన పిల్లలు మరల కళాశాలకే పోయినచో ప్రయోజనమేమని వారి ప్రశ్న. నేనట్లు తలపను. టైపు నేర్చి రాత్రి కళాశాలకు పోయినవానికి ఎవరును అడ్డు చెప్పలేదు. తలుపు తెరచియున్నదని తెలిసిన తండ్రియే, 1953 నాటి సందేహమును విడిచి, తన బిడ్డను ఈ శాఖలో చేర్చుటకు సమ్మతించును. లోపించుచున్నది తలుపునకు ఆవలి ప్రక్కన కాదు, ఈవలి ప్రక్కననే. 1961 నాటి అప్రెంటిసు చట్టమును 1986లో సవరించి ఒకేషనల్ విద్యార్థులకును అందు చోటు కల్పించిరి. ఆ చోటు ప్రతి జిల్లా ఆసుపత్రిలోను, ప్రతి పారిశ్రామికవాడలోను వేతనముతో కూడిన ఏడాది శిక్షణగ పిల్లల చేతికందవలెను. 2020 విద్యావిధానము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతి లోపల పుస్తకాల సంచి లేని పది దినములు కల్పించి, ఆ దినములలో పిల్లలు వడ్రంగి, కుమ్మరి, తోటమాలుల యొద్ద పని చూడవలెనని చెప్పుచున్నది. ఆ పది దినములు నగరములోని ఖరీదైన ప్రైవేటు పాఠశాలల పిల్లలకును, గురుకులముల పిల్లలకును ఒకే కుమ్మరి వామి చెంత, ఒకే రీతిని జరుగుచున్నవా యని తనిఖీ అధికారులు మొట్టమొదట చూడవలెను.